కోరంగి పాయ ఒడ్డున ఒక పాత ఫైబర్ పడవ

కాకినాడ నుంచి యానాం వెళ్ళే జాతీయ రహదారిపై చొల్లంగి దాటగానే ఎడమవైపున నేల ఏదో, నీరు ఏదో తెలియకుండా పోతుంది. మడచెట్ల వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చి ఉంటాయి. పోటు వేళ నిండుగా ఉండే పాయ, పాటు వేళకు సన్నని చారగా మారి పడవలను బురదలో కూర్చోబెడుతుంది. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో సముద్రస్నానానికి వేలాది మంది వస్తారు. ఆ అమావాస్య వెళ్ళిన వారానికి, నిర్వహణ విభాగానికి చెందిన ఇంజనీర్లం ముగ్గురం ఒక పాత స్పీడ్‌బోటును లారీపై ఎక్కించుకుని ఆ దారిన తాళ్ళరేవు వైపు ప్రయాణమయ్యాము.

దారిలో వచ్చే కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడరేవు, ఓడలు కట్టిన ఊరు. ఇక్కడి నుంచి సముద్రం దాటి వెళ్ళినవారి మూలంగా బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను, దాని వెంట విరుచుకుపడిన ఉప్పెన ఆ రేవును ధ్వంసం చేశాయి. రేవు పోయినా చేతిపని పోలేదు. ఈ పరిసరాలలో పాయల ఒడ్డున వడ్రంగులు నేటికీ కలప పడవలు కడుతున్నారు. వారి పక్కనే ఫైబర్ పడవలు బాగుచేసేవారూ ఉన్నారు. రెండు విద్యలూ ఒకే ఒడ్డున దొరుకుతాయన్న ఆశతోనే మేము ఈ చోటును ఎంచుకున్నాము.

మా పడవ పొడవు 17 అడుగులు. దాని వెనుక పలకకు 40 అశ్వశక్తి ఔట్‌బోర్డ్ ఇంజను వేలాడుతుంది. సెలవు దినాల్లో కాలనీ వాసులకు విహార నౌక. వరద దినాల్లో మాత్రం దాని పని వేరు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినప్పుడు మా సిబ్బంది ఈ పడవలోనే లంక గ్రామాలకు మందులు, మంచినీళ్ళు చేరవేశారు. తిరుగు ప్రయాణంలో బాలింతలను, వృద్ధులను తీసుకువచ్చారు. అటువంటి పడవకు ఏడాదిగా వేగం తగ్గింది. థ్రాటిల్ పెంచితే వెనుక పలక కంటికి కనబడేటంతగా కదులుతోంది. మూలల్లో వెంట్రుక వంటి బీటలు పడ్డాయి. రంగు మాత్రం చెక్కు చెదరలేదు.

తాళ్ళరేవులో మాకు తోడైన వడ్రంగి మేస్త్రి అరవై ఏళ్ళు పైబడిన మనిషి. పడవ చుట్టూ ఒకసారి నడిచి, చిన్న సుత్తితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోయాడు. కొన్నిచోట్ల ఖణేల్‌మంది, వెనుక పలక దగ్గర, నేల కింద మాత్రం తడి గోనెసంచిని కొట్టినట్లు మొద్దుగా మోగింది. అక్కడల్లా సుద్దముక్కతో గుండ్రాలు గీశాడు. “పైన ఫైబరేనండి, బలమంతా లోపలి చెక్కదే కదండీ. ఆ చెక్క చచ్చిపోయిందండి,” అన్నాడు. లోపలివైపు నుంచి సన్నని రంధ్రం తొలిచి చూశాము. పొడి రంపపు పొట్టుకు బదులు ముదురు గోధుమరంగు ముద్ద, పులిసిన వాసనతో బయటికి వచ్చింది.

గాజుపీచు కుళ్ళదు. అందుకే ఫైబర్ పడవకు చావు లేదన్న నమ్మకం చాలామందిలో ఉంది. కాని పలుచని ఫైబర్ పొర ఒంటరిగా వంగుతుంది. దానికి బిగువు ఇచ్చేందుకు వెనుక పలకలోనూ, అడుగున నిలువుగా సాగే దూలాలలోనూ, నేలలోనూ ప్లైవుడ్డునో, తేలికపాటి బాల్సా కలపనో పొదుగుతారు. రెండు పొరల మధ్య చెక్క గట్టిగా అతుక్కుని ఉన్నంతకాలమే ఆ బలం. ఈ పడవకు సీట్లు, కొక్కేలు బిగించినప్పుడు వేసిన స్క్రూల వెంట నీరు చుక్క చుక్కగా లోపలికి దిగింది. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రం బతకలేదు; అది దాటి చాలాకాలం నిలిస్తే చెక్కను తినేస్తుంది. ఇరువైపులా ఫైబర్ కప్పి ఉన్నందున వచ్చిన నీటికి పోయే దారి లేదు. ఒడ్డున కట్టే కలప నావకు ఈ చిక్కు తక్కువ. దాని పలక పైకి కనిపిస్తుంది, ఎండకు ఆరుతుంది, చెడితే ఆ ఒక్క పలకనే మార్చవచ్చు.

సులువైన మార్గమూ ఒకటి మా ముందుకు వచ్చింది. అక్కడక్కడ రంధ్రాలు వేసి, రెజిన్ ఎక్కించి, పైన రంగు కొడితే మూడు రోజుల్లో పని ముగుస్తుందన్నారు. ఖర్చు కూడా స్వల్పమే. అయితే నీరు నిండిన చెక్కలోకి రెజిన్ చొరబడదు. పైగా ఉన్న తేమను లోపలే బంధిస్తుంది. నిండు వరదలో, మనుషులను ఎక్కించుకున్న వేళ, 80 కిలోలు పైబడిన ఇంజను ఆ పలకతో సహా ఊడివస్తే జరిగేదేమిటో మాలో ఎవరూ వివరించనక్కరలేకపోయింది. పూర్తిగా విప్పాలనే నిర్ణయించాము.

ముందుగా పడవ ఆకారం చెడకుండా దాని అడుగుకు అచ్చంగా సరిపోయే కొయ్య ఊయలను మేస్త్రి తయారుచేశాడు. పిదప వెలుపలి పొరను ముట్టుకోకుండా, లోపలి పొరను కోసి తీశాము. కుళ్ళిన చెక్క చేతులతో పిడికిళ్ళు పిడికిళ్ళుగా వచ్చింది. నేల కింద నింపిన ఫోము స్పంజిలా నీరు పీల్చి ఉంది. తీసినదంతా తూచితే 110 కిలోలు! తగ్గిన వేగానికి లెక్క అక్కడే దొరికింది. పాక నీడలో గాలి తగిలేటట్లు మూడు వారాలు ఆరబెట్టి, తేమ కొలిచే మీటరు తృప్తికరమైన అంకె చూపిన తరువాతనే కొత్త పని మొదలుపెట్టాము.

ఐ.ఎస్. 710 ప్రమాణం గల మెరైన్ ప్లైవుడ్డు, 18 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని కలిపి అతికి, అంచులతో సహా ఎపాక్సీ పూసి వెనుక పలకకు వాడాము. పాత ఫైబరుపై పాలియెస్టర్ రెజిన్ కంటె ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. పాత పొర అంచును దాని మందానికి 12 రెట్లు వెడల్పున ఏటవాలుగా అరగదీసి, కొత్త గాజుబట్టను ఒకదానిపై ఒకటిగా పరిచాము. ఎండ ముదిరితే రెజిన్ గిన్నెలోనే గట్టిపడుతుంది గనుక తెల్లవారుజామునే, కొద్దికొద్దిగా కలుపుకున్నాము. గాజుపొడి ఊపిరిలోకి పోకుండా అందరూ మాస్కులు ధరించారు.

అన్నిటికంటె ముఖ్యమైనది రంధ్రాల పని. ప్రతి బోల్టుకూ కావలసినదానికంటె పెద్ద రంధ్రం తొలిచి, దాన్ని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు కొలతకు మళ్ళీ తొలిచాము. ఇక ఏ బోల్టూ చెక్కను తాకదు. ఆ దారిన నీరు కారినా చెక్కను చేరదు. ఇది చూసి మేస్త్రి, “మేం నావలో పలకల సందులు నింపుతామండి, మీరు కన్నాలు నింపుతున్నారు. పని ఒకటేనండి,” అన్నాడు. ఆ మాటలో మా ఇంజనీరింగు పాఠమంతా ఇమిడిపోయినట్లు తోచింది.

ఏడు వారాల తరువాత, ఒక పోటు వేళ పడవను పాయలోకి దించాము. మడచెట్ల నడుమ నెమ్మదిగా సాగి, వెడల్పైన చోటుకు చేరాక థ్రాటిల్ పూర్తిగా తెరిచాము. వెనుక పలకపై అరచేయి ఆనించి కూర్చున్న మేస్త్రి కదలిక లేదన్నట్లు తల అడ్డంగా ఊపాడు. మొత్తం ఖర్చు కొత్త పడవ ధరలో మూడో వంతుకు మించలేదు.

మన సంస్థకు చెందిన ఇతర యూనిట్లలోనూ ఇటువంటి పడవలు ఉండవచ్చు. ఏటా వానాకాలానికి ముందు వాటిని సుత్తితో తట్టి చూడాలని, బోల్టులు విప్పి రంధ్రాలు పరిశీలించాలని, ఒడ్డున ఉన్నప్పుడు అడుగు మర తీసి నీరు పోనివ్వాలని మా మనవి. ఇందుకు ఒక పూట చాలు. మా పడవ ఇప్పుడు షెడ్డులో, అడుగు మర తీసి, ముందుభాగం కాస్త ఎత్తుగా పెట్టి ఉంది. గోదావరికి ఈసారి ఎంత నీరు వస్తుందో మన చేతిలో లేదు. ఆ రోజున లంకలకు వెళ్ళే పడవ మాత్రం సిద్ధంగా ఉంది.