పాలేరు జీతంలో అమ్మమ్మ పని

"అక్కా, ఇంటిపని పంచుకోవడం మన సమస్య కాదు. అది అగ్రకులాల ఆడవాళ్ళ సమస్య. మన ఆడవాళ్ళు తరాల నుంచీ పొలానికి పోతున్నారు, కూలి తెస్తున్నారు. మనలో వంటింట్లో బందీ అయిందెవరు?"

పోయిన నెల ఒక విద్యార్థి సంఘం క్లాసులో ఒక తమ్ముడు అన్న మాట ఇది. మంచి కుర్రాడు. చదువుతాడు, గొడవొస్తే ముందు నిలబడతాడు. మనసులో ఏదో పెట్టుకుని అన్నది కాదు. పైగా ఆ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం మిగతా సగాన్ని కప్పేస్తోంది కాబట్టే ఈ వారం దీని గురించి రాస్తున్నాను.

ముందు ఆ నిజమైన సగం. 80ల చివర్లో, 90లలో మన స్త్రీవాద సాహిత్యం వంటింటిని గట్టిగా నిలదీసింది. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' నేను చాలాసార్లు పాఠం చెప్పాను. ఇల్లు శుభ్రం చేసుకుంటూ చేసుకుంటూ తన పేరే మరిచిపోయిన గృహిణి కథ. నాకు చాలా ఇష్టమైన కథ. ఒక ఏడాది ఆ పాఠం అయ్యాక వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, మా నాయనమ్మకి మరిచిపోవడానికి అసలు పేరెక్కడిది? కామందుల ఇంట్లో ఆమెని ఫలానావాడి పెళ్ళామా అనే పిలిచేవాళ్ళంట" అంది. క్లాసు నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

దళిత స్త్రీలు ఈ ప్రశ్న స్త్రీవాదాన్ని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. గోగు శ్యామల గారి సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు' చదవని పిల్లలు ముందు అది సంపాదించి చదవండి. తెలుగులో దళిత స్త్రీలు ఏం రాశారో ఒక్కచోట కనిపిస్తుంది.

అయితే తమ్ముడూ, అక్కడితో ఆగిపోతే ఎలా? మా అమ్మమ్మ సంగతి చెబుతాను, విను.

మా తాత గుంటూరు జిల్లాలో ఒక కామందు దగ్గర పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, రెండు పంచెలు, ఒక దుప్పటి, ఒక జత చెప్పులు. ఒప్పందం తాతతోనే. కానీ కోడి కూయకముందే ఆ ఇంటి దొడ్లోకి వెళ్ళేది మాత్రం అమ్మమ్మ. పశువుల కొట్టం ఊడ్చాలి. పేడ ఎత్తి దిబ్బలో వెయ్యాలి. పిడకలు చరచాలి. దొడ్డిదారినే వెళ్ళి దొడ్డిదారినే రావాలి, ఇంటి గడప తొక్కకూడదు. అక్కణ్ణించి వచ్చాక తన ఇంట్లో నీళ్ళు, పొయ్యి, పిల్లలు, మంచంలో ఉన్న అత్త. అవయ్యాక నాట్లకో కలుపుకో కోతకో కూలికి. చీకటి పడ్డాక మళ్ళీ పొయ్యి.

"దొడ్డి పనికి అమ్మమ్మకి ఏమిచ్చేవాళ్ళు?" అని మా అమ్మని అడిగాను, పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో.

"దానికి వేరే ఇచ్చేదేంటి? అది మీ తాత జీతంలోదేగా" అంది అమ్మ. నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది కూడా.

ఒకరి జీతానికి ఇద్దరి పని. కామందు దొడ్లో ఆమె చేసిన చాకిరీ తాత జీతంలో కలిసిపోయింది. ఆ జీతం కొలిచి ఇచ్చేటప్పుడు బస్తా పట్టుకుని నిలబడింది తాతే. ఇక ఇంట్లో చేసిన చాకిరీకి పేరే లేదు, అది "ఆడదాని పని". కాబట్టి మన ఆడవాళ్ళు వంటింట్లో బందీలు కాలేదన్న మాట ఒప్పుకుంటాను. వాళ్ళు రెండిళ్ళ పనీ ఉత్తినే చేసి, ఆపైన కూలికి వెళ్ళారు. బయటికి వెళ్ళినందువల్ల ఇంటిపని ఒక్క గంట కూడా తగ్గలేదు, నిద్ర తగ్గింది.

ఈ లెక్క ఇప్పటికీ పెద్దగా మారలేదు. కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా జనం రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలోనే ఉన్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళే నూటికి 26 మంది. ఆడవాళ్ళు 81 మంది. 2024లో మళ్ళీ సర్వే చేస్తే ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88. ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపు మగవాళ్ళు తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు!

పిల్లలకి ఈ అంకెలు చెబితే రాసుకుని మరిచిపోతారు. అందుకని ఒకరోజు సిలబస్ పక్కనపెట్టి, నిన్న లేచినప్పటి నుంచి పడుకునేదాకా గంట గంటకీ ఏం చేశారో రాయమన్నాను. మా క్లాసులో ఒక అన్నాచెల్లెళ్ళు ఉన్నారు. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా అన్న "ఖాళీ" అని రాశాడు. అదే రెండు గంటలకి చెల్లి రాసింది: బిందెలు నింపాను, అన్నం వండాను, తమ్ముడికి బాక్సు కట్టాను, అన్న చొక్కా ఇస్త్రీ చేశాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ కుర్రాడు చాలాసేపు తన చొక్కా వైపు చూసుకున్నాడు.

ఇందులో చదువుకి సంబంధించిన మెలిక ఒకటుంది. విద్యార్థి సంఘాలు ఇది పట్టించుకోవాలి. హాజరు 75 శాతం లేకపోతే పరీక్షకి ఇబ్బంది, ఫీజు రీయింబర్స్‌మెంటుకీ ఇబ్బంది. తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు. మిర్చి సీజన్ వచ్చేసరికి మా కాలేజీలో కొంతమంది అమ్మాయిలు కనబడరు. తల్లులు కల్లాలకో, కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీయడానికో పోతారు. ఆ ఘాటులో చంటిపిల్లల్ని కూచోబెట్టలేరు కాబట్టి పెద్దకూతురు ఇంటి దగ్గర ఆగిపోతుంది. ఆమెకి జ్వరం లేదు, ఏ డాక్టరూ సర్టిఫికెట్ ఇవ్వడు. తల్లి కూలి నిలవాలంటే కూతురి హాజరు పోవాలి. అదే ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడి హాజరు పోదు. మెస్ బిల్లుల మీద, హాస్టళ్ళ మీద ధర్నాలు చేస్తాం, చెయ్యాలి కూడా. కానీ ఈ అమ్మాయి హాజరు గురించి ఒక్క వినతిపత్రం ఇచ్చిన సంఘాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

కోర్టులు ఇంటిపనికి విలువ కట్టాయి. కాదనను. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకి నెలకి 3,000 రూపాయల విలువ కట్టింది. 2021 జనవరిలో కీర్తి కేసులో మన తెలుగువాడే అయిన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాస్తూ, నేను పైన చెప్పిన 299, 97 అంకెలే ఎత్తి చూపి, గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టడం ఆమె శ్రమని గుర్తించడమేనన్నారు. మంచి తీర్పులే. కానీ గమనించారా, ఇవన్నీ ప్రమాదాల్లో చనిపోయిన వాళ్ళ నష్టపరిహారం కేసులు. బతికున్నన్నాళ్ళూ విలువ లేని పనికి శవం లేచాక రేటు కడుతున్నాం. ఆ డబ్బు కూడా ఆమెది కాదు, ఆమె వారసులది.

అంబేద్కర్ దీన్ని ఇంకోలా చూశాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళ ప్రసూతి బిల్లు చర్చకొచ్చింది. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే అవసరమని, కాబట్టి ఆ భారంలో పెద్ద భాగం ప్రభుత్వం మొయ్యాలని ఆయన వాదించాడు. బిడ్డని కని పెంచడం ఒక ఇంటి సొంత వ్యవహారం కాదు, సమాజం పని అన్న ఆలోచన అందులో ఉంది. 1951లో ఆయన మంత్రి పదవి వదిలేసిన కారణాల్లో హిందూ కోడ్ బిల్లుని నీరుగార్చడం ఒకటి. ఆ బిల్లులో ఆడపిల్లకి ఆస్తి ఉంది. ఆ తర్వాత మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టం తెచ్చింది, దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. (మా పల్లెలో అప్పటికి పంచుకోవడానికి ఉన్నది అప్పు మాత్రమే. అందులో మా అమ్మకి సమాన వాటా చట్టం లేకుండానే వచ్చింది.) విగ్రహం చేతిలో రాజ్యాంగం చూపించే మనం, ఆయన వేలు తల్లుల వైపు కూడా చూపించిందని ఎందుకు మరిచిపోతున్నామో నాకు అర్థం కాదు.

ప్రభుత్వం ఆ భారం మొయ్యడం ఎలా ఉంటుందో అంగన్‌వాడీల్లో చూశాం. ఊళ్ళో పిల్లల్ని చూసే పనిని 1975 నుంచి ప్రభుత్వం మొదలుపెట్టింది. చేసేవాళ్ళకి జీతం అనకుండా "గౌరవ వేతనం" అంది. మళ్ళీ మా అమ్మమ్మ దొడ్డి పనే, పేరు మారింది. ఆంధ్రాలో అంగన్‌వాడీ కార్యకర్తకి 11,500, ఆయాకి 7,000 ఇస్తున్న రోజుల్లో, 2023 డిసెంబరులో వాళ్ళు సమ్మెకి దిగారు. 42 రోజులు రోడ్డు మీద కూచున్నారు. కేంద్రాల తాళాలు పగలగొట్టించారు. 2024 జనవరిలో ఎస్మా పెట్టారు. అంటే అత్యవసర సేవల చట్టం. పని ఆపితే అత్యవసరం, డబ్బు అడిగితే గౌరవం! ఆ శిబిరానికి మా విద్యార్థినులతో వెళ్ళాను. ఒక ఆయా అంది, "అమ్మా, నేను ఊరి పిల్లలందరికీ మూతి కడుగుతా. నా మనవడ్ని చూడటానికి నా కోడలు కూలి మానేసింది."

సమ్మె ముగిసింది, కొన్ని హామీలొచ్చాయి. కానీ ఆ కోడలి సంగతి ఎవరి డిమాండ్లలోనూ లేదు. అంగన్‌వాడీ సాయంత్రం నాలుగింటికి మూసేస్తే, ఆరింటికి కల్లం వదిలే తల్లి ఏం చెయ్యాలి? 2005 ఉపాధి హామీ చట్టంలో, పని దగ్గర ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళని చూడటానికి ఒక స్త్రీని కూలి ఇచ్చి పెట్టాలని రాశారు. పిల్లల్ని చూడటం కూలికి సమానమైన పని అని ఒప్పుకున్న అరుదైన వాక్యం అది. మా ఊళ్ళో పని దగ్గర నేను చూసింది మాత్రం తుమ్మచెట్టుకి కట్టిన చీర ఉయ్యాల, పక్కన కాపలాకి బడి మానేసిన ఎనిమిదేళ్ళ పిల్ల.

ఇక మనవైపు తిరుగుదాం. రిజర్వేషన్ల వల్ల మనలో కొన్ని ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. నాదీ అలాంటి ఇల్లే. ఇలాంటి ఇళ్ళల్లో ఇంటిపని ఆడమనిషి చేతిలోంచి మగమనిషి చేతిలోకి వెళ్ళడం లేదు. ఇంకో ఆడమనిషి చేతిలోకి వెళ్తోంది. ఆమె మన పేటనుంచే వస్తుంది. నాకు కాన్పుకి జీతంతో ఆర్నెల్లు సెలవు దొరికింది. మా ఇంట్లో పనికొచ్చే వదినకి చట్టం ఏ సెలవూ ఇవ్వలేదు. ఆమెకి జీతంతో సెలవు, నెలకి నాలుగు ఆదివారాలు మేమే రాసుకున్నాం. రాత్రి గిన్నెలు మా ఆయనవి. మొదట్లో మా అత్తగారు నెలరోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే కథ. ఒక్కో ఇంట్లో ఇలా సర్దుకుంటే సరిపోదని నాకూ తెలుసు. కానీ ఇల్లు దాటి మీటింగుకి వెళ్తే ఇంకా అన్యాయం. ముందు గదిలో మహిళా విముక్తి మీద తీర్మానం, వెనక గదిలో ఆ ఇంటి చెల్లెమ్మ ఇరవై మందికి ఉప్మా. తీర్మానం చదివే వేళకి ఆమె ప్లేట్లు కడుగుతూ ఉంటుంది. అది నేను ఒకసారి చూసింది కాదు.

అందుకే ఆ తమ్ముడు ఉన్న సంఘం ముందు కొన్ని మాటలు పెట్టాను. తల్లి కూలికి పోయి ఇంట్లో పిల్లల్ని చూసుకున్న రోజుల్ని హాజరు మినహాయింపులో కలపమని యూనివర్సిటీని అడుగుదాం. సీజన్‌లో అంగన్‌వాడీ ఆరింటి దాకా ఉండాలని, ఆ అదనపు గంటలకి అదనపు జీతం ఇవ్వాలని రెండూ కలిపి అడుగుదాం. ఒకటి వదిలేసి ఇంకొకటి అడిగితే మళ్ళీ ఇంకో ఆడమనిషి నెత్తిన పడుతుంది. మూడోది ప్రభుత్వాన్ని అడగక్కర్లేదు. ఏప్రిల్ 14న పేటలో పెట్టే భోజనాలు ఈసారి మగపిల్లలే వండి వడ్డించాలి, ఆడవాళ్ళు ముందు వరసలో కూచుని ఉపన్యాసాలు వినాలి.

మొదటి రెండింటికి అందరూ చేతులెత్తారు. మూడోదానికి కాసేపు గుసగుసలు. ఆ తర్వాత ఒక కాగితం తిప్పారు. మొదటి పేరు మన తమ్ముడిదే, కూరగాయలు తరగడానికి. అన్నం వార్చడానికి ఇద్దరు, వడ్డనకి తొమ్మిది మంది పేర్లిచ్చారు. డేగిసాలు తోమడానికి నిన్నటి దాకా ఎవరూ ఇవ్వలేదు. కాగితం నా దగ్గరే ఉంది.

జై భీమ్.