ఏ మిషన్ మీది?

మా కిరస్తానం వాళ్ళు గుడిలో కులం అడగరు. అడిగితే పాపం. అందుకని మిషన్ అడుగుతారు. "వందనాలు బాబూ, ఏ ఊరు మీది? ఏ మిషన్?" అని. లూథరన్ అంటే ఒక చూపు, బాప్టిస్టు అంటే ఇంకో చూపు. గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య పుట్టినోళ్ళకి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. లూథరన్‌లో మాలలు ఎక్కువ, అమెరికన్ బాప్టిస్టులో మాదిగలు ఎక్కువ. మాదిగ లూథరన్లు లేకపోలేదు. కానీ అడిగేవాడికి ఆ వివరం అక్కర్లేదు.

మాది బాప్టిస్టు. ఒంగోలు పక్క పల్లెటూరు, మాదిగ గూడెం. నేను చేసుకోవాలనుకున్న పిల్లది లూథరన్. గుంటూరు, మాలపల్లె. ఇద్దరం మొక్కేది ఒక్క దేవుణ్ణే. పాడుకునే పుస్తకం కూడా ఒకటే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు రెండు మిషన్లకీ ఉమ్మడి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మా గూడెం గుడిలోనూ పాడతారు, వాళ్ళ గుడిలోనూ పాడతారు. అయినా కాలేజీ స్నేహం నుంచి ప్రధానం దాకా రావడానికి మాకు పదేళ్ళు పట్టింది. నిశ్చితార్థాన్ని మేం ప్రధానం అంటాం. ఆ పదేళ్ళ సంగతే రాస్తున్నాను.

హయ్యర్ దొర గుంటూరుకి 1842లో వచ్చాడు. ఆయన లూథరన్. క్లౌ దొర ఒంగోలుకి 1866లో వచ్చాడు. ఆయన బాప్టిస్టు. 1876–78 కరువులో జనం ఆకలికి రాలిపోతుంటే క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి పని చూపించాడు. ఆ పని అయిపోయాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా పెద్దలు ఆ కాలవ తవ్వినోళ్ళేనని మా నాయనమ్మ చెప్పేది. "మన పేర్లు పరలోకం పుస్తకంలోకి ఎక్కకముందు కాలవ మస్టర్లోకి ఎక్కినయ్యిరా" అని నవ్వేది. ఒక మిషన్‌లోకి ఒక కులం ముందు నడిస్తే, చాలా చోట్ల రెండో కులం ఆ గడప తొక్కలేదు. దొరలు ఊళ్ళు పంచుకున్నారు. తర్వాత దొరలు పోయారు. పంపకం మాకు మిగిలింది.

నా మీద ఇంకో పంపకం కూడా జరిగింది. అది దొరలు చేసింది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ షరతు సడలించారు. మాకు సడలించలేదు. మా రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సీలో వేశారు. ఎస్సీలకి 15 శాతం, మాకు 1 శాతం. నన్ను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు మతం ఏందని అడిగితే మా నాయిన "క్రైస్తవులం సార్" అని గుండెనిండా చెప్పాడు. వేలిముద్ర వేసే మనిషి. ఆ ఒక్కమాటతో కొడుక్కి ఏం పోయిందో ఆయనకు తెలియదు. తెలిసిన తర్వాత కూడా, పక్కనోళ్ళు మార్పించుకోమంటే, "అబద్ధమాడి బిడ్డకి చదువు పెట్టలేను" అన్నాడు. మా చిన్నాయన గుడికి రాడు. పోలేరమ్మ కొలుపులకి డప్పు కొడతాడు. ఆయన కొడుకు ఎస్సీ, నేను బీసీ. ఊళ్ళో కాపులు, కమ్మోళ్ళు మా ఇద్దర్నీ పిలిచే మాట మాత్రం ఒకటే.

2007లో డిగ్రీకి గుంటూరు వచ్చాను. ఎస్సీ హాస్టల్లో మతం మారినోళ్ళకి కొన్ని సీట్లుంటాయి. నేను పోయేసరికి అయిపోయాయన్నారు. బీసీ హాస్టల్లో పడ్డాను. మూడో వారానికి గదిలో వాళ్ళకి నా కులం తెలిసింది. గ్లాసు వేరే పెట్టలేదు, అంత పాతకాలం కాదు. నా పచ్చడి సీసా మాత్రం ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. అమ్మ పంపిన గోంగూర పచ్చడి, నెలరోజులు నేనొక్కణ్ణే తిన్నాను.

ఆ సీసా మూత తీసిన మొదటి మనిషి తనే. మా క్లాసే. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని బాక్సు తినేది. నేను హాస్టల్ అన్నంలో పచ్చడి కలుపుకుంటుంటే, "ఏంది, ఒక్కడివే లాగిస్తున్నావు? ఇటివ్వు" అని చెయ్యి చాపింది. ఇచ్చాను. అంతకుముందు మా మధ్య నోట్సు ఇచ్చిపుచ్చుకోవడం తప్ప మాటల్లేవు.

ఆ డిసెంబరులో క్రిస్మస్ పాటలకి రిహార్సల్సు పెట్టారు. తను పాడేది, నేను డోలక్ కొట్టేవాణ్ణి. చేతిలో మా తాత డప్పు దెబ్బ ఉందేమో, ఎవరూ నేర్పకపోయినా వచ్చింది. సీనియరు అమ్మాయి ఒకామె నా దగ్గరికొచ్చి "బాగా కొడుతున్నావు తమ్ముడూ. ఏ మిషన్?" అంది. బాప్టిస్టు అన్నాను. "ఓ, ఒంగోలు వైపా" అని నా చేతులకేసి చూసింది. నేను తల వంచుకుని డోలక్ తాళ్ళు బిగించుకున్నాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు తను అడిగింది.

"ఎందుకు తల వంచుకున్నావు?"

"ఆమె అడిగింది మిషన్ కాదు."

"తెలుసు. నన్ను అడిగినప్పుడు మా వాళ్ళు తలెత్తి చెబుతారు. అది కూడా మిషన్ గురించి కాదు."

అలా మాట్లాడే ఆడపిల్లని నేను అంతకుముందు చూడలేదు. మగపిల్లల్లోనూ చూడలేదు లెండి.

మా స్నేహంలో సినిమాలు, షికార్లు తక్కువ. ఇద్దరి దగ్గరా డబ్బుల్లేవు. వాళ్ళ నాన్న మిర్చి యార్డులో హమాలీ. టిక్కీలు మోసీ మోసీ భుజం ఒకపక్కకి వంగిపోయింది. వాళ్ళమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది. మా అమ్మ పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు కట్టేది. మా అమ్మ చేతులకి జిగురు, వాళ్ళమ్మ చేతులకి మంట. ఇద్దరం ఇళ్ళల్లో మొదటి డిగ్రీ వాళ్ళం. ఫీజులు, స్కాలర్‌షిప్పులు, పాత పుస్తకాలు, ఇవే మా కబుర్లు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే నివేదిక ఇచ్చింది. 1950 ఉత్తర్వులోని మతం షరతు ఎత్తేయమని సిఫారసు చేసింది. అది పార్లమెంటు ముందుకి 2009 చివర్లో గానీ రాలేదు. మేం ఫైనలియర్లో ఉన్నాం. పేపరు చూపిస్తూ తను, "ఇది అమలైతే నువ్వూ ఎస్సీవే" అంది. "అప్పుడు మీ నాన్న ఒప్పుకుంటాడా?" అన్నాను. తమాషాకే అన్నాను. దేనికి ఒప్పుకోవాలో ఇద్దరిలో ఎవరమూ అనలేదు. తను పేపరు మడిచి బ్యాగులో పెట్టుకుంది. మా ప్రేమ బయటపడింది కమిషన్ నివేదిక మీద. ఇది చెబితే మా స్టాఫ్‌రూంలో ఇప్పటికీ నవ్వుతారు. ఆ నివేదిక అమలు కాలేదు.

బీఈడీ అయింది. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మార్కాపురం అవతల పోస్టింగు. తను గుంటూరులోనే ప్రైవేటు స్కూల్లో చెప్పేది. రాత్రి తొమ్మిది తర్వాత ఫోను. సిగ్నలు కోసం నేను వాటర్ ట్యాంకు మెట్లెక్కేవాణ్ణి. మూడేళ్ళు అట్లా గడిచాయి. 2015 వేసవిలో, "ఇంటికొచ్చి అడగనా?" అన్నాను. "అడుగు. పాస్టరు గారితో అడిగించబాక. మీ అమ్మానాయినల్ని తీసుకురా" అంది.

తీసుకుపోయాను. వాళ్ళ నాన్న మర్యాదగా కూర్చోబెట్టాడు. మాదిగ అనే మాట ఆయన నోట రాలేదు. వస్తే పాపమని అనుకున్నాడో, కూతురు వింటదని అనుకున్నాడో. "అబ్బాయి బంగారం. కానీ కాగితంలో బీసీ-సీ గదా. రేపు పిల్లలకి తండ్రి కాగితమే వస్తది. నా మనవలు ఒక్క శాతంలో పడతారు" అన్నాడు. వాళ్ళ కాగితాల్లో ఏముందో నేనిక్కడ రాయను. ఎందుకు రాయనో ఈ పుస్తకం చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆయన భయం అబద్ధం కూడా కాదు. పదిహేనుకీ ఒకటికీ ఉన్న తేడా టిక్కీలు మోసేవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తది? కానీ అదొక్కటే కారణమైతే ఆ సాయంత్రం పెదనాన్నలంతా కూడి గుసగుసలాడాల్సిన పని లేదు. గుడిలో మిషన్ ఎట్లాగో, ఇంట్లో నా సర్టిఫికెట్ అట్లా అయింది.

మావాళ్ళేం తక్కువ కాదు. "మాలోళ్ళ పిల్ల మన కుండలో అన్నం తింటదా?" అంది మా అమ్మ. మా చిన్నాయన కొడుకు దండోరాలో తిరుగుతాడు. 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణ కొట్టేసిన రోజు అన్నం ముట్టలేదు. "ఆళ్ళు మన నోటికాడ కూడు లాక్కున్నారు, నీకు ఆళ్ళ పిల్లే దొరికిందా అన్నా" అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు. వర్గీకరణ న్యాయమని నేనూ నమ్ముతాను. కానీ వర్గీకరణ వచ్చినా రాకపోయినా నాకు అందులో గింజ రాదు, నేను బీసీ-సీ గదా. మాదిగనన్న పేరు మాత్రమే నాది. 2024 ఆగస్టు 1న కోర్టు వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పినప్పుడు వాడు మిఠాయి పట్టుకొచ్చాడు. నేను తిన్నాను. తనూ తిన్నది.

అయ్యగార్లది ఇంకో గోల. వాళ్ళ అయ్యగారు మా సంఘం నుంచి ఉత్తరం తెమ్మన్నాడు. మా అయ్యగారు, "పిల్లకి చిన్నప్పుడు చిలకరించారు, అది చాలదు, ముంచి బాప్తిస్మం ఇవ్వాలి, తర్వాతే ప్రధానం" అన్నాడు. సిద్ధాంతంలో బాప్టిస్టుల మాట అదే, నాకు తెలుసు. తనకి ఫోన్లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పసిగుడ్డుగా ఉన్నప్పుడే నా నెత్తిన నీళ్ళు పడ్డాయి. మా అమ్మ తొడిమలు తీసిన చేతుల్తో ఎత్తి పట్టుకుంది. ఆ నీళ్ళు చాలవంటే మా అమ్మ చాలదన్నట్టే. నేను మునగను. మీ వాళ్ళకి చెప్పు" అంది. చెప్పాను. మా అయ్యగారు ఏడాది నాతో మాట్లాడలేదు.

వాళ్ళింట్లో పోరు తనే పోరాడింది. వాళ్ళ నాన్నకి గబ్బిలం పద్యాలు నోటికొచ్చు. బస్తా దించి టీ తాగేటప్పుడు కూడా ఎత్తుకునేవాడట. ఒకరోజు తను అడిగిందట. "జాషువా గారి తల్లి మాదిగావిడే గదా నాన్నా. ఆయన పద్యం నీ నోట్లో ఉండొచ్చు గానీ ఆ అబ్బాయి మనింట్లో ఉండకూడదా?" ఆయన లేచి బయటికి పోయాడట. వాళ్ళమ్మ మాత్రం పొయ్యి కాడ నుంచే అన్నది. "మాలోళ్ళం మాదిగోళ్ళం ఒకే రాశి కాడ కూర్చుని దగ్గుతాం. కాయల ఘాటు కాడ లేని కులం మీ గుడి కాడ ఎందుకొచ్చిందయ్యా?"

2017 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా, ఆయన మా ఊరు దిగాడు. నేను బడి ఊళ్ళో ఉన్నాను. మా గుడిలో వెనక వరసలో కూర్చున్నాడట. పాట ఎత్తుకోగానే గొంతెత్తి పాడాడట. ఎవరీయన అని అందరూ తిరిగి చూశారని మా నాయిన చెప్పాడు. ఏ మిషన్ అని ఎవరో అడిగే ఉంటారు. ఏం చెప్పాడో తెలియదు. మా అమ్మ అన్నం పెట్టింది. తిన్నాడు. మా నాయినతో వర్షాల గురించి, మిరప ధర గురించి మాట్లాడి సాయంత్రం బస్సెక్కాడు. ఇంటికెళ్ళి కూడా ఏమీ చెప్పలేదంట. వారం తర్వాత తనే, "బడి సెలవుల్లో ఒక తేదీ చూసుకోండి" అన్నాడు.

మే నెలలో ప్రధానం. గుడిలో పెడితే ఏ గుడి అనే తగువు వస్తుందని వాళ్ళ వీధిలో షామియానా వేశాం. ఇద్దరు అయ్యగార్లూ వచ్చారు. ఎవరు ముందు ప్రార్థన చెయ్యాలనే దాని మీద అరగంట పోయింది. చివరికి ఒకాయన మొదలుపెట్టాడు, ఒకాయన ముగించాడు. ఉంగరాలు, బైబిళ్ళు మార్చుకున్నాం. మా అమ్మ తన చేతికి గాజులు తొడిగి చెయ్యి వదలకుండా చాలాసేపు పట్టుకుంది.

భోజనాల్లో కోడికూర, పప్పుచారు. మావాళ్ళు పెద్దకూర లేదేందని కొంచెం గొణిగారు. వాళ్ళ పెద్ద పెదనాన్న ప్రార్థన అయిపోయేదాకా కూర్చుని, బంతి వెయ్యకముందే లేచిపోయాడు. వాళ్ళమ్మ అది చూసింది. ఏమీ అనకుండా నాలుగు గిన్నెల క్యారేజీ నిండా సర్ది, చిన్న కొడుకు చేతికిచ్చింది. "మీ పెదనాన్నకిచ్చి రా. అక్కకి కాబోయే అత్తగారు వడ్డించిందని చెప్పు" అంది. నిజంగానే అందులో అన్నం పెట్టింది మా అమ్మే.

క్యారేజీ సాయంత్రానికి తిరిగొచ్చింది. కడిగి పంపారు. తిన్నారా, పారబోశారా అని వాళ్ళమ్మ పిల్లోణ్ణి అడగలేదు. పెళ్ళి తేదీ రాసిన చీటీ మళ్ళీ వాడి చేతికే ఇచ్చి, "రేపొద్దున ఇది కూడా ఇచ్చి రా" అంది.