పళ్లచక్రంలోని ఐదుగురు

మా దాదా సైకిలు మీద కంపెనీ పేరు ఏనాడో చెరిగిపోయింది. హ్యాండిల్ కింది బిళ్ళ ఊడిపోయింది. మడ్‌గార్డు మీది అక్షరాలను తుప్పు తినివేసింది. అయినను అది హంబర్ సైకిలేనని మునగాలలో ఎవరికీ సందేహం లేదు. చైనును తిప్పే పళ్లచక్రంలో ఐదుగురు మనుషుల ఆకారాలు గుండ్రంగా నిలిచి ఉండేవి. చిన్ననాట ఆ ఐదుగురికీ నేను పేర్లు కూడా పెట్టుకున్నాను.

పాత విలాయతీ సైకిళ్లను గుర్తించే విద్యకు ఈ చక్రమే ఓనమాలు. రంగు మారుతుంది, సీటు మారుతుంది. ఉక్కులో కోసిన బొమ్మ మాత్రం చెరగదు. ర్యాలీ చక్రంలో కొంగ తలలు మూడు. రడ్జ్ చక్రంలో అరచేయి. 1861లో బర్మింగ్‌హామ్‌లో తుపాకుల తయారీకై వెలసిన బి.ఎస్.ఏ. తన మూడక్షరాలనే చెక్కించుకొన్నది. వింత ఏమనగా, హంబర్ సైకిళ్లు 1932లో, రడ్జ్ 1943లో, బి.ఎస్.ఏ. సైకిళ్లు 1957లో నాటింగ్‌హామ్‌లోని ర్యాలీ కంపెనీ చేతికే పోయినవి. యజమాని ఒక్కడే అయినా బొమ్మలను కలిపివేయలేదు. కొనేవాడి చూపు ఎక్కడ పడుతుందో వారికి తెలియును గదా!

1959లో నల్లగొండ జిల్లాలో కలిసేవరకు మునగాల పరగణా కృష్ణా జిల్లాది. 1948కి ముందు దాని చుట్టూ నిజాం రాజ్యమే. ఆ రోజులలో దాదా సూర్యాపేటకు సైకిలు తొక్కితే ఒక ఏలుబడి దాటి మరొక ఏలుబడిలోకి పోవడమే. హంబరే కావాలని అబ్బా బాల్యంలో మారాం చేశారనీ, దాదా సూర్యాపేట పోయి దానిని తెచ్చారనీ మా ఇంట పదేపదే చెప్పుకొనేవారు.

మొన్న వేసవిలో దానిని బాగుచేయబూని కాటర్ పిన్ను కొట్టాను. ఆ ఒక్క పిన్ను వదిలితే కుడి క్రాంకుతోపాటు పళ్లచక్రం చేతిలోకి వస్తుంది; ఒక సైకిలుది తీసి మరొకదానికి బిగించడం అంత తేలిక. ర్యాలీ వారి ఫ్రేములలో పెడళ్ల ఇరుసు పట్టే గొట్టానికి మరలు అంగుళానికి 26. తక్కిన ఇంగ్లీషు సైకిళ్లకు సాధారణంగా 24. గేజి పెట్టి చూశాను. 24! నమ్మలేక మళ్లీ పెట్టాను. హంబర్‌కు పేరు తెచ్చిన జోడుగొట్టాల ఫోర్కు కూడా దీనికి లేదు. చక్రం హంబర్‌ది, ఒళ్లు మరెవరిదో.

దాదాను ఎవరైనా మోసగించారా, లేక కొడుకు ముఖం చూసి తామే ఆ చక్రాన్ని సంపాదించి బిగించుకొని వచ్చారా? గ్రీజు అంటిన చేతులతో చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

వసారాలో మంచం మీదినుంచి అబ్బా అడిగారు: “ఐదుగురూ బాగున్నారా బేటా?”

“బాగున్నారు అబ్బా,” అని చక్రాన్ని కిరసనాయిలుతో తుడిచి, యథాస్థానంలో బిగించాను.