కనుమ చెప్పిన పాఠం

పిల్లలూ!

మీలో చాలామందికి సైకిలు తొక్కటం వచ్చే ఉంటుంది. ఎత్తు వంతెన వచ్చినప్పుడు మీరేం చేస్తారు? కొందరు సీటు మీంచి లేచి, పళ్ళు బిగించి తొక్కుతారు. కొందరు దిగి, సైకిలును నడిపించుకుపోతారు. దిగినవాణ్ణి చూసి తొక్కేవాడు నవ్వుతాడు. చిన్నప్పుడు నేనూ అలా నవ్వినవాణ్ణే. ఆ నవ్వు ఎంత తెలివితక్కువదో నాకు అరవై ఒకటో ఏట, హిమాలయాలలో ఒక కనుమ కింద తెలిసివచ్చింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

కనుమ అంటే రెండు శిఖరాల నడుమ కాస్త పల్లంగా ఉండే చోటు. ఒక లోయలో నుంచి ఇంకొక లోయలోకి పోవటానికి అదే వాకిలి. లడఖ్‌లో కనుమను ‘లా’ అంటారు. మనాలి నుంచి లేహ్‌కు పోయే పాత రోడ్డు అటువంటి పెద్ద కనుమలను ఐదింటిని దాటుతుంది: రోహ్‌తాంగ్, బారాలాచా లా, నకీ లా, లాచులుంగ్ లా, తంగ్‌లంగ్ లా. మొత్తం దూరం సుమారు 475 కిలోమీటర్లు. చివరి కనుమ ఎత్తు 5,300 మీటర్ల పైచిలుకు. ఎండాకాలంలో మంచు తొలగించి రోడ్డు తెరవగానే దేశదేశాల వాళ్ళు ఆ దారిన సైకిళ్ళ మీద బయలుదేరుతారు. 2020 అక్టోబరులో రోహ్‌తాంగ్ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు గనక ఇప్పుడు బళ్ళు చాలావరకు దాని గుండానే పోతున్నాయి. మేము పోయినది 2018 ఆగస్టులో. అప్పుడు అందరూ కనుమ ఎక్కవలసిందే.

మేము అంటే నేనూ, నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడూ. అలవాటుకొద్దీ కుర్రవాడంటున్నాను గాని, అప్పటికే వాడికి ముప్పై ఐదేళ్ళు. కొండదారుల్లో సైకిలు తొక్కటం వాడికి బాగా తెలుసు. నేనేమో కాలవగట్ల మీద ముప్పై ఏళ్ళు బడికి సైకిలు తొక్కినవాణ్ణి. మా వైపు ఎత్తు అంటే కాలవ మీది వంతెనే!

“నాకు కూడా సైకిలు తొక్కటం నేర్పుతావుట్రా?” అన్నాను బయలుదేరేటప్పుడు.

“తొక్కటం మీకు వచ్చు మాస్టారూ. ఆగటం నేర్పుతాను,” అన్నాడు వాడు. వేళాకోళమాడుతున్నాడనుకున్నాను.

మా ఇంటి సైకిలుకు పెడళ్ళ దగ్గర 44 పళ్ళ చక్రం, వెనక 18 పళ్ళ ఫ్రీవీలు ఉన్నాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. మనాలిలో అద్దెకు తీసుకున్న సైకిలుకు గేర్లున్నాయి. అన్నిటికంటె తేలిక గేరులో ముందు 22 పళ్ళు, వెనక 34. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం మూడింట రెండు వంతులు మాత్రమే తిరుగుతుంది. కాలికి బరువు తగ్గుతుంది. కాని ఎక్కువ చుట్లు తొక్కాలి. ప్రకృతి దగ్గర ఏదీ ఊరికే రాదు.

కొండ మీది రోడ్డు కూడా అదే ఉపాయం పన్నుతుంది. కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి, ఒక పెన్సిలుకు చుట్టి చూడండి. ఏటవాలు అంచు పెన్సిలు చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. త్రిభుజం ఎంత పొడుగైతే ఎక్కటం అంత సులువు, దూరం మాత్రం అంత ఎక్కువ. కొండకు రోడ్డు వేసేవాళ్ళు చేసే పని ఇదే.

మొదటి రోజు దేవదారు చెట్ల మధ్య నుంచి ఎక్కి మర్హీ చేరాం. రెండో రోజు వానలో, మబ్బులో తడుస్తూ రోహ్‌తాంగ్ దాటాం. దాని ఎత్తు 3,978 మీటర్లు. అవతలికి దిగేసరికి చూద్దును గదా, వాన లేదు, అడవి లేదు! ఎటు చూసినా బోడి కొండలే. వానమబ్బులను ఆ కొండల వరస చాలావరకు ఇవతలే ఆపేస్తుంది. అందుకే అవతల ఉన్న లాహౌల్ లోయ పొడినేల. అక్కడివాళ్ళు మంచు కరిగిన నీటిని చిన్న చిన్న కాలవల్లో తెచ్చి బంగాళాదుంపలు, బఠాణీలు పండిస్తారు. తాండీ అనే చోట చంద్ర, భాగ అనే రెండు నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. అదే ముందుకు పోయి చీనాబ్ నది అవుతుంది.

భాగ నది వెంట కేలాంగ్ దాటి జిస్పా చేరేవరకు అంతా బాగానే ఉంది. జిస్పా ఎత్తు సుమారు 3,200 మీటర్లు. మర్నాడు మధ్యాహ్నానికి పత్సియో చేరాం. అది 3,800 మీటర్ల ఎత్తున ఉంది.

“ఈ రాత్రికి ఇక్కడే ఉందాం మాస్టారూ,” అన్నాడు మావాడు.

“ఇంకా పొద్దుంది గదరా! ఆగటం దేనికి?” అన్నాను.

అప్పటికే నాకు కొంచెం తలనొప్పిగా ఉంది. ఆ మాట వాడితో చెప్పలేదు. హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ణి గదా! “మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలిపెట్టకండి” అని ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పానో! అటువంటివాణ్ణి, నా శిష్యుడి ముందు అలిసిపోయానని ఎలా చెప్పను? సాయంత్రానికి బారాలాచా కింద ఉన్న జింగ్‌జింగ్‌బార్ చేరాం. ఎత్తు సుమారు 4,270 మీటర్లు. అంటే ఒక్క రోజులో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి, అక్కడే పడుకున్నామన్నమాట.

ఆ రాత్రి గుడారంలో నాకు నిద్ర పట్టలేదు. తల పగిలిపోతున్నది. తెల్లవారుజామున వాంతి అయింది. మావాడు లేచి దీపం వేశాడు. “మడమకు వేళ్ళు తగిలించుకుంటూ తిన్నగా పది అడుగులు నడవండి,” అన్నాడు. ఆరు అడుగులు బాగానే వేశాను. ఏడో అడుగు పక్కకు పడింది.

“ఇప్పుడే కిందికి పోతున్నాం,” అన్నాడు వాడు.

“కనుమ ఎదురుగా కనిపిస్తుంటే వెనక్కా? కాస్సేపు పడుకుంటే తగ్గిపోతుంది,” అన్నాను.

వాడు నాతో వాదించలేదు. కిందికి పోయే లారీ ఒకదాన్ని ఆపి, సైకిళ్ళు రెండూ ఎక్కించి, నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

ఎందుకలా అయిందో చెబుతాను. గాలిలో ప్రాణవాయువు పాలు కింద ఎంతో పైన కూడా అంతే, ఇంచుమించు ఐదింట ఒక వంతు. కాని పైకి పోయినకొద్దీ మన మీద గాలి ఒత్తిడి తగ్గి, గాలి పలచబడుతుంది. జింగ్‌జింగ్‌బార్‌లో ఒకసారి ఊపిరి పీలిస్తే, మన ఊళ్ళో పీల్చినప్పుడు దొరికే ప్రాణవాయువులో నూటికి 60 వంతులే దొరుకుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు. ఊపిరి వేగం పెంచుకుంటుంది, కొద్ది రోజుల్లో రక్తాన్ని కూడా సిద్ధం చేసుకుంటుంది. అందుకు వ్యవధి కావాలి. అంచేత 3,000 మీటర్లు దాటాక, ఏ రాత్రి పడుకునే చోటైనా ముందు రాత్రి పడుకున్న చోటుకన్న 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదని వైద్యులు చెబుతారు. తొందరపడితే తలనొప్పి, వాంతులు, తూలటం వస్తాయి. అప్పటికీ దిగకపోతే ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. దానికి అన్నిటికంటె మంచి మందు కిందికి దిగటమే. వయసులో ఉన్నవాడు గదా, బలశాలి గదా అని కొండ ఎవరినీ విడిచిపెట్టదు.

లారీ దిగుతూ ఉంటే నా తలనొప్పి కూడా దిగుతూ వచ్చింది. జిస్పా చేరేసరికి టీ తాగాలనిపించింది. కాని నా మనసులో ఇంకొక బరువు మిగిలింది.

ఈ కుర్రవాడే ఏడో తరగతి చదివేటప్పుడు, ఆటల పోటీల రోజున ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పరుగు పందెంలో పరుగెత్తాడు. గీత దాటగానే పడిపోయాడు. వారం రోజులు మంచం దిగలేదు. వాడు బడికి వచ్చిన రోజున నేను ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందూ వాణ్ణి నిలబెట్టి, “పట్టుదల అంటే ఇదీ!” అని మెచ్చుకున్నాను.

“ఒరేయ్, ఆనాడు నేను చేసింది తప్పురా. జ్వరం వచ్చిందని చెప్పి ఆగినవాణ్ణి మెచ్చుకోవలసింది,” అన్నాను టీకొట్టు బల్ల మీద కూర్చుని.

వాడు నవ్వాడు. “మీరు మెచ్చుకున్నందుకు నాకు సంతోషంగానే ఉండేది మాస్టారూ. మా అమ్మ మాత్రం మిమ్మల్ని బాగా తిట్టింది,” అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది. కాని ఆ తల్లి తిట్టటంలో న్యాయం ఉంది.

రెండు రోజులు జిస్పాలో ఉన్నాం. తరవాత ఒక రాత్రి పత్సియోలో, ఒక రాత్రి మళ్ళీ జింగ్‌జింగ్‌బార్‌లో పడుకున్నాం. ఈసారి హాయిగా నిద్రపట్టింది. తెల్లవారగానే బయలుదేరాం, ఎందుకంటే దారికి అడ్డంగా ప్రవహించే వాగులు పొద్దున్నే సన్నగా ఉంటాయి. ఎండ ఎక్కి మంచు కరిగితే సాయంత్రానికి పొంగుతాయి. గంటకు ఐదారు కిలోమీటర్లకు మించి పోలేదు. ఆయాసం వచ్చినచోటల్లా దిగి నడిచాను. సూరజ్ తాల్ అనే నీలం చెరువు పక్కనుంచి ఎక్కి, సుమారు 4,890 మీటర్ల ఎత్తున బారాలాచా మీద నిలబడ్డాం. భాగ నది ఆ చెరువులోనే పుడుతుంది. కనుమకు అవతల పక్క నీళ్ళు ఉత్తరానికి పోతాయి. అయినా ఇవతలి నీళ్ళూ అవతలి నీళ్ళూ ఎంతెంతో దూరం తిరిగి చివరకు సింధు నదిలోనే కలుస్తాయి.

ఆ తరవాత గాటా మెలికల్లో 21 మలుపులు ఎక్కాం. మిగిలిన మూడు కనుమలనూ అలాగే, ఆగి ఆగి దాటాం. ఆగినందువల్ల మేము లేహ్ చేరటం నాలుగు రోజులు ఆలస్యమైంది. కాని ఇద్దరమూ క్షేమంగా చేరాం.

అంచేత పిల్లలూ, పట్టుదల ఉండవలసిందే. కాని ఒళ్ళు బాగాలేకపోతే దాచుకోకండి, వెంటనే చెప్పండి. పెద్దలకు కూడా నా మనవి ఒకటే: పిల్లలు చెప్పినప్పుడు వినండి, ఆగనివ్వండి. ఇక వంతెన దగ్గర సైకిలు దిగి నడిచేవాడు మీకు కనిపిస్తే నవ్వకండి. మీరూ దిగి, వాడితో కబుర్లు చెబుతూ నడవండి. వంతెన ఎక్కడికీ పోదు.