లక్నవరం గట్టున రెండు రోజులు

వరంగల్ నుండి ములుగు మీదుగా ఏటూరునాగారం వెళ్లే దారిలో, గోవిందరావుపేట సమీపాన అడవి నడుమ లక్నవరం సరస్సు ఉంది. 13వ శతాబ్దంలో కాకతీయులు దీనిని నిర్మించారు. మూడు ఇరుకు లోయలకు చిన్న కట్టలు వేయగా, తక్కిన గోడలుగా కొండలే నిలిచాయి.

ఈ శీతాకాలం మేము అక్కడ గుడారంలో బస చేశాము. అబ్బాజాన్ కూడా మా వెంట వచ్చారు. జీవితమంతా చెరువు కింద వరి పండించిన ఆయన, మోకాళ్ల నొప్పులతో పొలం కౌలుకిచ్చిన నాటి నుండి మాటలు తగ్గించారు.

మనవడి భుజం పట్టుకుని వేలాడే వంతెన దాటారు. దీవులను, నిండు నీటిని చాలాసేపు చూశారు. "దాదా, ఇంత నీరు ఎక్కడికి పోతుంది?" అని పిల్లలు అడగడమే ఆలస్యం, ఆయన గొంతు విప్పారు. తూము పొలానికి నీరిస్తుందని, అలుగు మిగులు నీటిని వదిలి కట్టను కాపాడుతుందని మట్టిలో గీసి చూపారు. ఇంటి నుండి తెచ్చిన రొట్టెలు చల్లారిపోయినా పిల్లలు లేవలేదు.

ఫజర్ వేళకు సరస్సంతా మంచు. ఒక్కో చెంబు నీటితో వుజూ చేసి, ఆయన వెనుక వరుసగా నిలబడ్డాము. నమాజు ముగిశాక, "మన పొలం తూము కూడా చూపిస్తాను, సెలవుల్లో రండి" అని ఆయనే పిల్లలను పిలిచారు.

వర్షాలు వెనుకబడ్డాక లక్నవరం నిండుగా ఉంటుంది. వెళ్లేవారు ఇంటి పెద్దలను తప్పక తీసుకువెళ్లండి.