బాలానగర్ గట్ల మీది కాయ

జడ్చర్ల నుంచి హైదరాబాద్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద రాజాపూర్ దాటి బాలానగర్ దాకా వెళ్తే, దసరా రోజుల్లో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా గంపలే. అన్నింట్లోనూ సీతాఫలాలే. ఉద్యానశాఖ పుస్తకం తెరిస్తే సీతాఫలం రకాల్లో ముందు వరసలో ఉండే పేరు 'బాలానగర్'. పక్క రాష్ట్రాల్లో తోటలు వేసిన రైతులూ ఆ పేరే చెబుతారు. ఆ పేరుకు మూలమైన గట్లు ఎలా ఉంటాయో చూద్దామని బయల్దేరాను.

చూస్తే అవేమంత పెద్ద కొండలు కావు. ఎర్ర గరపనేల, గుండ్రాళ్లు, రాళ్ల సందుల్లోంచి పొదల్లా లేచిన చెట్లు. చాలావాటిని ఎవరూ నాటలేదు. ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో మేకలు ముట్టని చెట్టే మిగులుతుంది. సీతాఫలం ఆకు చేదు, ఘాటు. మేక వాసన చూసి పక్కకు పోతుంది. వాలు మీద నీరు నిలవదు కాబట్టి వేరు కుళ్లే భయమూ లేదు. ఎండాకాలంలో ఆకు రాల్చి మోడులా ఉండే చెట్టు మళ్లీ చిగురుతో పాటే పూత పూస్తుంది. ఒకే పువ్వులో ముందు ఆడభాగం సిద్ధమవుతుంది, పుప్పొడి ఆ తర్వాత రాలుతుంది. అందుకే ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు పుప్పొడి మోసే చిన్న పెంకు పురుగులు కావాలి, గాలిలో తేమ కావాలి. వడగాడ్పులకు పూసిన పూత వట్టిదే. వాన పడ్డాక పూసిందే నిలుస్తుంది.

గంప ముందు కూర్చున్న ఒకామెను, "అక్కా, గట్టు కాయకూ తోట కాయకూ తేడా ఎట్ల తెలుస్తది?" అని అడిగాను. "తోటది పెద్దగుంటది సారు, నీళ్లు తాగిన కాయ. గట్టుది తియ్యగుంటది, గింజలు జాస్తి" అంది. రెండూ తిన్నాను. గింజల సంగతిలో ఆమె మాటకు తిరుగులేదు. తీపి సంగతి మాత్రం కోసిన రోజును బట్టి కూడా ఉంటుందని నాకనిపించింది. కాయ మీది కన్నుల మధ్య గాడి వెడల్పై, లేత పసుపు తేలితేనే కోయాలి. పచ్చిగా కోస్తే మాగదు, గట్టిపడి నల్లబడుతుంది. తెల్లవారక ముందే గట్టెక్కి కోసుకొచ్చే ఈ ఆడవాళ్లకు ఆ చూపు పుస్తకంతో వచ్చింది కాదు.

కొత్త రకాలు వేరే దారి పట్టాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన అర్క సహన్ సంకర రకం. పెద్ద కాయ, తక్కువ గింజలు. షోలాపూర్ జిల్లా బార్షీ ప్రాంతపు రైతు నవనాథ్ కస్పటే ఎంపిక చేసిన ఎన్‌ఎంకే-1 గోల్డెన్ మరికొన్ని రోజులు నిలుస్తుంది, దూర ప్రయాణం తట్టుకుంటుంది. మన బాలానగర్ మాగిందంటే రెండు మూడు రోజులే. గుజ్జు తీసి దాచుదామంటే, వేడి చేయగానే చేదెక్కుతుంది. గడ్డకట్టించి ఐస్‌క్రీమ్‌కు పంపడమే దారి. కాబట్టి సాయంత్రానికి గంప ఖాళీ చేయాల్సిన తొందర ఎప్పుడూ అమ్మేవాళ్లదే. ఇక్కడ గంప లెక్కన కొన్న కాయను నగరంలో ఏరి, కిలోల లెక్కన అమ్ముతారు. ఆ రెండు లెక్కల మధ్య మిగిలేది గట్టెక్కిన మనిషికి చేరదు.

నేల పేరుకే ధర పలికే చోట్లూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బర్గండీ సీమలో కోర్టన్ అనే గుట్ట ఉంది. దాని వాలు మీది ద్రాక్షతో చేసిన వైన్‌కు ఒక ధర, అదే గుట్ట పాదాన పండినదానికి అంతకన్నా తక్కువ ధర. సీసా మీద ఆ పేరు ఎవరు పడితే వాళ్లు రాసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అలాంటి ముక్కలు ముక్కల ద్రాక్ష నేలలను 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. అంత దూరం ఎందుకు, మహారాష్ట్రలో నాసిక్ లోయ వైన్‌కూ బీడ్ సీతాఫలానికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ పేరు నేలను అంటిపెట్టుకుంది. బాలానగర్ పేరేమో మొక్క వెంట నర్సరీల దారిన దేశమంతా వెళ్లిపోయింది. ఆ అంటు ఎక్కడ నాటినా కాయ బాలానగరే! రోడ్డు పక్క నేను చూసిన గంపల్లో ఒక్కదాని మీదా ఊరి పేరు లేదు.

ఏ గట్టు కాయో రాసిన పెట్టె, పెట్టె నింపేచోట ఏరివేత, అమ్మేవాళ్లదే అయిన ఒక సంఘం: ఈ మూడూ ఉంటే తప్ప ధర మారదని నా అభిప్రాయం. ఈలోగా గట్లు తగ్గకుండానూ చూసుకోవాలి; హైదరాబాద్ పెరుగుతున్న దారి ఇది, రోడ్డు వెంట ప్లాట్ల బోర్డులకు కొదవ లేదు.

కాపు సెప్టెంబరు నుంచి నవంబరు దాకానే. అటు వెళ్తే కన్ను విచ్చిన కాయలే ఏరుకోండి, గీచి గీచి బేరమాడకండి, ఇంటికి తెచ్చి మాగకముందే ఫ్రిజ్‌లో పెట్టకండి.