కుండ మీది రేకు, పెనం మీది మాంసం

బెంగుళూరు మ్యూజియం రోడ్డులో "ది ఓన్లీ ప్లేస్" అనే భోజనశాల ఒకటి ఉన్నది. పాశ్చాత్య పద్ధతిలో మాంసపు ముక్కను పెనం మీద కాల్చి వడ్డించే స్టేక్ హౌస్ అది. ఉద్యోగరీత్యా అక్కడ స్థిరపడిన మా మామయ్య కుమారుడు నన్ను తీసుకుపోయినప్పుడు, నిజం చెప్పవద్దూ, నాకు కొంత బెరుకు కలిగింది. ముల్లుగరిటె ఏ చేత పట్టుకోవాలో తెలియనివాడిని. మాంసం లోపల ఎర్రగా ఉంచమంటారా, సగం కాల్చమంటారా, పూర్తిగా కాల్చమంటారా అని వడ్డించే అతను అడిగాడు. మా ఇంట్లో మాంసం ఉడికిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. "పూర్తిగానే" అన్నాను.

తింటూ ఉండగా మావాడు దాని పూర్వకథ చెప్పాడు. హారూన్ సులేమాన్ సేఠ్ అనే ఆయన 1965లో దానిని ప్రారంభించారట. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం పీస్ కోర్ అనే పేరుతో యువతీయువకులను సేవాకార్యాలకై మన దేశానికి పంపుతూ ఉండేది. 1961 నుండి 1976 వరకు వారు వస్తూ పోతూ ఉన్నారు. చాలామంది అప్పుడే చదువు ముగించి ఇల్లు విడిచిన పిల్లలు. ఎండకూ దోమలకూ తట్టుకున్నారు గాని, ఇంటి తిండి మీది బెంగకు తట్టుకోలేకపోయారు. వారి కోరిక మీదనే సేఠ్ గారి వంటశాలలో స్టేకులూ, ఆపిల్ పైలూ తయారైనాయి. పీస్ కోర్ వెళ్లిపోయింది. భోజనశాల బ్రిగేడ్ రోడ్డు నుండి మ్యూజియం రోడ్డుకు మారింది. ఆ వంట మాత్రం నిలిచిపోయింది. ఊరుగాని ఊరి పిల్లల బెంగను తీర్చడానికి మన దేశపు ముస్లిం ఒకాయన పొయ్యి వెలిగించడం నాకు ఎంతో నచ్చింది.

అయితే ఆ బెంగ అన్న మాట దగ్గరనే నా గొంతులో ముద్ద అడ్డుపడింది.

మాది ఆత్రేయపురం. ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టున వస్తే తగులుతుంది. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా పూతరేకులే గుర్తుకు వస్తాయి. వాటిని తిన్నవారు లక్షలమంది ఉందురు గాని, రేకు తీయడం చూసినవారు కొద్దిమందే. బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లవలె పలుచన చేస్తారు. గుండ్రని కుండను బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పలుచని గుడ్డను పిండిలో ముంచి, కుండ వీపు మీద ఒక్కసారి లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు లేస్తుంది. క్షణం ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. ఎంత కాల్చమంటారు అని అడిగే వ్యవధి అక్కడ లేదు. నేతితో, పంచదారతో మడత పెట్టడం ఆ తరువాతి పని. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషమే. కుండ ముందు పొగలో కూర్చునే స్త్రీల కళ్లకూ, వేళ్లకూ ఏ రక్షణ దొరికిందో పెద్దలు ఆలోచించాలి.

మా అమ్మ ఆ స్త్రీలలో ఒకతె. రేకులు తీసిన కూలితోనే నా పుస్తకాలు కొన్నది.

హాస్టలులో చేరిన తొలి నెలలో అమ్మ ఒక డబ్బా పంపింది. నా గదిలోని ఉర్దూ మిత్రులు ఎన్నడూ పూతరేకు చూసినవారు కారు. ఒకడు దానిని దీపానికెదురుగా పట్టుకుని, "అరే, వీడు కాగజ్ తింటున్నాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. అందులో ద్వేషమేమీ లేదు, నాతోపాటు వాళ్లూ తిన్నారు. "మీ ఇంట్లో చేసినవా?" అని అడిగారు. నేను, "కాదు, దుకాణంలో కొన్నవి" అన్నాను. అప్పటికే నా ఉర్దూను చూసి వాళ్లూ, నా పేరును చూసి తెలుగు మిత్రులూ ఆశ్చర్యపోతూ ఉండేవారు. ఆ పైన అమ్మ కూలికి పోతుందని కూడా తెలియడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ రాత్రి ఆ రేకులు తీపిగా లేవు.

బెంగుళూరు నుండి తిన్నగా ఇంటికి పోయాను. అమ్మ ఇప్పుడు పండుగలకు మాత్రమే కుండ పెడుతున్నది. ఆ పొయ్యి దగ్గరనే కూర్చుని, హాస్టలులో ఆడిన అబద్ధం చెప్పివేశాను. అమ్మ అబద్ధం సంగతి పట్టించుకోలేదు.

"కాగితమన్నారా?" అని ఆకులు మంటలోకి తోస్తూ నవ్వింది. "అయితే అంత పలుచగా వచ్చాయన్నమాటే గదరా!"

నాకూ నేర్పమన్నాను. గుడ్డ చేతికిచ్చింది. మొదటి రేకు చిరిగింది. రెండవదీ చిరిగింది. మూడవది కుండకే అంటుకుపోయింది. అమ్మ ఆ ముక్కలను పారవేయనీయక, ఒక గిన్నెలో వేసి, పైన పంచదార చల్లి నా చేతికిచ్చింది.